1575.42 మెగాహెర్ట్జ్ చుట్టూ సాగిన తగాదా

అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బెయ్‌దౌ. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఎవరికి వారు కట్టుకున్న, ఉపగ్రహాలతో దారి చూపే వ్యవస్థలివి. ఇప్పుడు ఫోన్‌లోని చిన్న చిప్ నాలుగింటి సంకేతాలనూ కలిపి వాడేసుకుంటోంది. అయితే ఈ పొత్తు సులువుగా కుదరలేదు. ఎవరి ఉపగ్రహాలు ఎక్కువ అన్నదానికంటే, రేడియో తరంగాల్లో ఏ సన్నని పట్టీ ఎవరిది అన్నదానిమీదే అసలు గొడవ నడిచింది.

జీపీఎస్ అమెరికా సైన్యం సొత్తు. తొలి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో వెళ్లింది. 1983 సెప్టెంబరు 1న దారితప్పి తమ గగనతలంలోకి వచ్చిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆ తర్వాతే జీపీఎస్‌ను పౌరులకూ ఇస్తామని రేగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చింది గానీ మెలిక పెట్టి ఇచ్చింది. పౌర సంకేతంలో గడియారం సమయాన్ని కావాలనే అటూ ఇటూ చేసేవారు. సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టే రిసీవర్ దూరం లెక్కగడుతుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లో వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే వంద నానోసెకన్ల తేడా దూరంలో 30 మీటర్ల తప్పవుతుంది. దాంతో మామూలు రిసీవర్ వంద మీటర్ల దాకా తప్పు చూపించేది.

2000 మే మొదట్లో క్లింటన్ దీన్ని ఆపించారు. ఉదారత ఒక్కటే కారణం కాదు. నేల మీది కేంద్రాల నుంచి సవరణలు పంపి ఆ తప్పును దిద్దుకోవడం అప్పటికే అందరికీ వచ్చేసింది. పైగా, కావలసిన ప్రాంతంలో మాత్రమే పౌర సంకేతాన్ని అడ్డుకోగలమని అమెరికా సైన్యం నిరూపించుకుంది.

ఆ అడ్డుకోవడం ఎలాగో తెలిస్తే తర్వాతి కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. పౌర సంకేతం శక్తిలో ఎక్కువ భాగం 1575.42 మెగాహెర్ట్జ్‌కు ఇటొకటి అటొకటి మెగాహెర్ట్జ్ లోపలే ఉంటుంది. సైన్యం కోసం కొత్తగా తయారుచేసిన ఎం-కోడ్ అనే సంకేతం ఆ మధ్యభాగాన్ని వదిలేసి, ఇరువైపులా దాదాపు 10 మెగాహెర్ట్జ్ దూరంలో కూర్చుంటుంది. కాబట్టి యుద్ధం జరిగే చోట మధ్యభాగాన్ని జామ్ చేసినా సొంత సైన్యానికి దారి కనిపిస్తూనే ఉంటుంది.

యూరప్ గెలీలియో ప్రతిపాదన సరిగ్గా ఇక్కడే తగిలింది. ప్రభుత్వాలకు, భద్రతా దళాలకు మాత్రమే ఇచ్చే దాని రహస్య సంకేతం ఎం-కోడ్ మీదికి వస్తుందన్నది అమెరికా అభ్యంతరం. రెండూ ఒకే చోట ఉంటే, గెలీలియోను జామ్ చేయాలంటే తన సంకేతాన్నీ తానే చెడగొట్టుకోవాలి. 2001 డిసెంబరులో అమెరికా రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ యూరప్ రక్షణ మంత్రులకు ఉత్తరం రాసి మరీ ఆందోళన చెప్పారు. ఆ ఒత్తిడి పనిచేయలేదు. 2002 మార్చిలో యూరప్ రవాణా మంత్రులు గెలీలియోకు పచ్చజెండా ఊపారు. అయినా 2004 జూన్‌లో ఐర్లండ్‌లో కుదిరిన ఒప్పందంలో యూరప్ సర్దుకుంది. రహస్య సంకేతాన్ని ఇంకా బయటికి, మధ్య నుంచి 15 మెగాహెర్ట్జ్ అవతలికి జరిపింది. బహిరంగ సంకేతాన్ని మాత్రం జీపీఎస్ కేంద్రమైన 1575.42 మీదే ఉంచింది. ఇవాళ ఫోన్లలో ఇవి కలిసి పనిచేస్తున్నాయంటే ఈ రాజీయే కారణం.

చైనా రాకతో యూరప్‌కు అదే తలనొప్పి తిరిగొచ్చింది. 2003లో గెలీలియోలో భాగస్వామిగా చేరి 20 కోట్ల యూరోలు పెడతానన్న చైనాకు, ఆ రహస్య సంకేతపు భద్రతా సేవలో చోటు లేదని తెలిసొచ్చింది. సొంత వ్యవస్థను పెంచుకుంది. దాని సంకేతాల్లో ఒకటి 1561.098 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే యూరప్ కొత్తగా జరుపుకున్న రహస్య సంకేతం దిగువ కొస మీద వచ్చి కూర్చుంది. అమెరికాకు యూరప్ పెట్టిన ఇబ్బందే ఇప్పుడు యూరప్‌కు చైనా పెట్టిందన్నమాట.

ఇలాంటి చోట హక్కు తేల్చేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. ముందు దరఖాస్తు చేసి, గడువులోగా కక్ష్య నుంచి సంకేతం పంపినవారిదే ప్రాధాన్యం. యూరప్ 2005 డిసెంబరు 28న జియోవ్-ఎ అనే ప్రయోగాత్మక ఉపగ్రహాన్ని హడావిడిగా పంపింది ముఖ్యంగా ఆ హక్కు నిలబెట్టుకోవడానికే. చైనా కూడా 2007 ఏప్రిల్‌లో అలాగే ఒకదాన్ని పంపి, గడువు ముగిసే కొద్ది గంటల ముందు సంకేతం అందుకుంది. తర్వాతి తరం బెయ్‌దౌలో చైనా తన ప్రధాన బహిరంగ సంకేతాన్ని 1575.42 మీదికే తెచ్చింది. 2020 జులైలో ఆ వ్యవస్థ పూర్తయింది.

గ్లోనాస్ ఈ తగాదాకు దూరంగా ఉండిపోయింది. దాని పాత సంకేతాలు 1602 మెగాహెర్ట్జ్ చుట్టూ, ఉపగ్రహాల మధ్య ఫ్రీక్వెన్సీలు పంచుకుని పనిచేస్తాయి. దాని కష్టం వేరు: ఉపగ్రహాల ఆయుష్షు తక్కువ, 1990లలో డబ్బు లేదు. 24 దాకా పెరిగిన సంఖ్య 2001కల్లా పదిలోపుకు పడిపోయి, 2011లో గానీ కోలుకోలేదు.

భారత్ కూడా తన సొంత దారి చూపే వ్యవస్థ నావిక్ కోసం ఈ ఇరుకు పట్టీ జోలికి పోకుండా 1176.45 మెగాహెర్ట్జ్‌ను, ఎస్-బ్యాండ్ అనే ఇంకా పైనున్న పట్టీలో 2492.028ని ఎంచుకుంది. దానివల్ల పోటీ తప్పింది గానీ మూల్యమూ ఉంది. చవక ఫోన్ల చిప్‌లు 1575.42 చుట్టుపక్కల మాత్రమే వినేవి కాబట్టి నావిక్ వాటికి వినిపించలేదు. దీనికి తోడు తొలి ఉపగ్రహంలోని, సమయాన్ని అతి కచ్చితంగా చెప్పే మూడు రుబీడియం అణు గడియారాలూ చెడిపోయాయి. అదే స్విస్ సంస్థ గడియారాలు వాడిన గెలీలియోలోనూ వైఫల్యాలు వచ్చాయని 2017 జనవరిలో బయటపడింది. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే నావిక్ ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు, 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతమూ చేర్చారు.

అందరూ ఒకే చోట చేరడంలో ఓ ఇబ్బంది ఉంది. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఈ సంకేతాలు నేలకు చేరేసరికి ఎంతో బలహీనమైపోతాయి. 1575.42 మీద చిన్న జామర్ పెడితే చాలు, అక్కడున్న జీపీఎస్, గెలీలియో, బెయ్‌దౌల బహిరంగ సంకేతాలు ఒక్కసారే పోతాయి. రెండో ఫ్రీక్వెన్సీ కూడా వినే రిసీవర్, ఈ వ్యవస్థలు కూడా వాడే 1176.45 మీద కొంత నెట్టుకురాగలదు. సైన్యాల సంకేతాలు అంచుల్లో ఉన్నాయి కాబట్టి వాటికి ఆ జామర్ బెడద తక్కువ.