పేలుడు ఎక్కడ జరిగింది నాన్నా?

బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియంలో విశ్వం పుట్టుక మీద, అదే బిగ్ బ్యాంగ్ మీద, షో ఇంగ్లిష్‌లో నడుస్తోంది. పక్క సీట్లో ఒకాయన కొడుకు చెవిలో తెలుగులో చెబుతూనే ఉన్నాడు. బయటికొస్తుంటే పిల్లాడు అడిగాడు: "నాన్నా, ఆ పేలుడు ఎక్కడ జరిగింది?" ఆయన కాసేపు తల గోక్కుని, "పైన, చాలా దూరంలో రా" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, పేరుది. 'బిగ్ బ్యాంగ్' అన్న మాట 1949లో బీబీసీ రేడియోలో పుట్టింది. అన్నది బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్, విశ్వానికి ఒక మొదలు ఉందన్న ఆ సిద్ధాంతాన్ని ససేమిరా ఒప్పుకోని మనిషి. విశ్వానికి మొదలంటూ లేదన్నది ఆయన వాదం. మన జయంత్ నార్లికర్ ఆయన శిష్యుడే. వెక్కిరించడానికి అనలేదని హోయిల్ తర్వాత చెప్పుకున్నా, కాదన్నవాడు పెట్టిన పేరే ఖాయమైపోయింది.

అసలు సిద్ధాంతంలో పేలుడే లేదు. విశ్వం రబ్బరులా సాగవచ్చని 1922లో రష్యాలో ఫ్రీడ్‌మన్, సాగుతోందని 1927లో బెల్జియం క్రైస్తవ గురువు లెమైత్ర్ లెక్కకట్టారు. రెండూ ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి వచ్చినవే, ఆయనకే మొదట్లో మింగుడుపడలేదు. ఎంత దూరపు గెలాక్సీ అయితే అంత వేగంగా దూరమవుతోందని 1929లో హబుల్ చూపించాడు. ఇడ్లీ పిండి పొంగేటప్పుడు ప్రతి బుడగా మిగతావాటికి దూరమవుతుంది. పొంగు ఫలానా బుడగ దగ్గర మొదలైందని చెప్పలేం. కాకపోతే విశ్వానికి గిన్నె లేదు.

సాక్ష్యం మాత్రం గోల రూపంలో దొరికింది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ రేడియో యాంటెన్నాను ఎటు తిప్పినా ఒకటే రొద. లోపల పావురాలు కాపురం పెట్టాయి. వాటిని పట్టి పంపించేశారు, రెట్టలన్నీ తుడిచారు. అయినా రొద పోలేదు. అది దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు, సాగి సాగి మైక్రోవేవ్ అనే రేడియో తరంగాలుగా మిగిలింది. ఇలాంటిది ఉండాలని ఆల్ఫర్, హెర్మన్ అనే శాస్త్రవేత్తలు 1948లోనే రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1978 నోబెల్ పావురాల్ని తరిమినవాళ్లకు వెళ్లింది. నాకైతే ఇప్పటికీ అన్యాయమే అనిపిస్తుంది.

ఆ తర్వాతి ఘట్టంలో బెంగళూరుకీ వాటా ఉంది. మొదటి నక్షత్రాలు వెలిగినప్పటి జాడ 78 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మన ఎఫ్ఎం స్టేషన్లకు కాస్త కింద, దొరికిందని 2018లో ఒక అమెరికా బృందం ప్రకటించింది. వాళ్ల యాంటెన్నా పశ్చిమ ఆస్ట్రేలియాలో నేల మీద ఉంది. సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తమ 'సరస్' యాంటెన్నాను 2020 మొదట్లో కర్ణాటకలోని శరావతి నది బ్యాక్‌వాటర్స్‌లో తెప్ప మీద తేలవిడిచారు. నేలలో మట్టీ రాయీ పొరలుపొరలుగా ఉండి కొలతను పాడుచేస్తాయి, నీళ్లలో ఆ బెడద తక్కువ. 2022లో ఫలితం వచ్చింది: అమెరికా వాళ్లు చెప్పిన సంకేతం అక్కడ లేదు. అది ఆకాశం నుంచి వచ్చింది కాకపోవచ్చని తేల్చారు. అసలు జాడ కోసం చెవులు ఇంకా అటే ఉన్నాయి.