కాపీరైట్ గడువు: యాభై అరవై ఎలా అయింది?

రచయిత కన్నుమూశాక 60 ఏళ్ల వరకు ఆయన రచనపై కాపీరైట్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా రాసిన నాటి నుంచే ఆ హక్కు వర్తిస్తుంది. అయితే ఈ 60 మొదటి నుంచీ ఉన్న లెక్క కాదు.

బ్రిటన్ 1911 చట్టాన్ని కొద్ది మార్పులతో 1914లో మన దేశంలో అమలు చేశారు. 50 ఏళ్ల గడువు అలా వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1955 బిల్లు దాన్ని 25కు తగ్గించబోయింది. మన రచయితలకు ఉన్న రక్షణ తగ్గడం పార్లమెంటు సంయుక్త కమిటీకి నచ్చలేదు. 1957 చట్టంలో 50 ఏళ్లే నిలిచాయి.

రవీంద్రనాథ్ టాగోర్ 1941 ఆగస్టులో మరణించారు. మరణించిన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్కిస్తారు కాబట్టి 1991 డిసెంబరు 31తో ఆయన రచనలపై హక్కులు తీరిపోవాలి. అవి ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయం విశ్వభారతి చేతిలో ఉండేవి. పుస్తకాల రాబడి సంగతి అలా ఉంచితే, టాగోర్ పాట ఎలా పాడాలో కూడా ఆ సంస్థ సంగీత మండలే తేల్చేది. దేబబ్రత బిశ్వాస్ అంతటి గాయకుడి రికార్డులకే అభ్యంతరం చెప్పింది. సరిగ్గా గడువు ముగిసే వేళ, డిసెంబరు 28న, కేంద్రం ఆర్డినెన్సుతో 50ని 60 చేసింది. 1992లో అది చట్టమైంది. 2001 దాటాక టాగోర్ రచనలు ఎలాగూ అందరి పరమయ్యాయి.

సవరణ మాత్రం మిగిలింది, అప్పటికి గడువు తీరని రచయితలందరికీ వర్తిస్తూ. టాగోర్‌కు విశ్వభారతి ఉంది. రెండో ముద్రణకు నోచుకోని తెలుగు కథా సంపుటానికి ఎవరున్నారు? వారసుల ఆచూకీ తెలియక వేయడానికి ప్రచురణకర్త జంకే అలాంటి పుస్తకాలకు ఈ అదనపు పదేళ్లు మేలు చేశాయంటే నమ్మడం కష్టం. చట్టం 31ఎ సెక్షన్‌లో ఒక దారి చూపింది: ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇచ్చి, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. మూడు వందల ప్రతులు వేసే చిన్న ప్రచురణకర్త ఆ ఖర్చుకు సిద్ధపడతాడా?

ఇప్పటి లెక్క ప్రకారం, 1915లో పోయిన గురజాడ రచనలు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. 1971లో మరణించిన జాషువా కావ్యాలను 2032 జనవరి 1 నుంచి, 1979లో మరణించిన చలం రచనలను 2040 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. రచయిత మరణానంతరం తొలిసారి వెలువడిన రచనలకు మాత్రం 60 ఏళ్లను ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి లెక్కించాలి.