శిఖరం మీద చలికాలం: నేను తరచూ వినే అపోహలు

పర్వతారోహకులకు వాతావరణ సూచనలు ఇవ్వడం నా పని. చలికాలంలో ఫోన్ చేసే ప్రతివాళ్లూ ముందు అడిగేది, "పైన ఎన్ని డిగ్రీలుంటుంది?" అని. నేను ముందు చూసేది గాలి. చలిని బట్టలతో కొంతవరకు కాచుకోవచ్చు, మనిషిని నిలబడనివ్వని గాలికి మందు లేదు.

అపోహ: ఆకాశం నిర్మలంగా ఉంటే ఎక్కేయొచ్చు.

ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం ఇంకోటి లేదు. 8,849 మీటర్ల ఎవరెస్టు మీద చలికాలంలో మబ్బు తునక లేని రోజులు బోలెడు. కానీ ఆ కాలంలో జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో నదిలా ఉరికే వేగమైన గాలి, దక్షిణానికి జరిగి దాదాపు ఆ శిఖరం ఎత్తులోనే పరుగెడుతుంటుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి అక్కడ వింతేమీ కాదు. కింది నుంచి చూస్తే శిఖరానికి తెల్లటి తోక మొలిచినట్టుంటుంది. గాలి ఎత్తుకుపోతున్న మంచు అందులో కొంత, మబ్బు కొంత. ఫోటో తీసుకోండి, ఆ రోజుకి అంతే.

గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఇందులో ఓ మెలిక కూడా ఉంది. ఎవరెస్టు కొమ్మున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 40 శాతమే. కాబట్టి అదే వేగంతో వీచే గాలి తక్కువ ఎత్తున్న కొండ మీద మరింత గట్టిగా తోస్తుంది. అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే. 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకు 372 కిలోమీటర్ల గాలి నమోదైంది. "చిన్న కొండే కదా" అనేవాళ్లకు నేను ఈ అంకే చెబుతుంటాను.

అపోహ: విండ్ చిల్ అంటే అసలు ఉష్ణోగ్రత.

2023 ఫిబ్రవరిలో అదే మౌంట్ వాషింగ్టన్ మీద విండ్ చిల్ మైనస్ 78 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. థర్మామీటర్ చూపించింది మాత్రం దాదాపు మైనస్ 44. కప్పుకోని చర్మం ఎంత వేగంగా వేడి కోల్పోతుందో చెప్పేదే విండ్ చిల్. మీ నీళ్ల సీసా త్వరగా చల్లబడొచ్చు గానీ మైనస్ 78కి చేరదు.

అపోహ: ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరిగి తీరుతుంది.

సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గే మాట నిజమే. కానీ గాలి లేని చలికాలపు రాత్రి బరువైన చల్లగాలి జారి లోయలో మడుగు కడుతుంది. అప్పుడు పైనున్న మధ్యస్థ ఎత్తు శిఖరమే వెచ్చగా ఉండొచ్చు.

అపోహ: పైన ఆక్సిజన్ శాతం తగ్గుతుంది.

శాతం 21 దగ్గరే ఉంటుంది, తగ్గేది పీడనం. ఎవరెస్టు మీద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతు. చలికాలంలో కిందున్న గాలి చల్లబడి కుంచించుకుపోవడంతో అది ఇంకా పడిపోతుంది. అల్పపీడన ద్రోణి దాటే రోజైతే మరికాస్త. ఊపిరితిత్తులకు సంబంధించినంతవరకు ఆ రోజు కొండ కొన్ని వందల మీటర్లు పెరిగినట్టే.

అపోహ: ఫోన్ యాప్ చాలు.

యాప్ వెనకున్న మోడల్, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, భూమిని గళ్లుగా కోసి, ఒక్కో గడికీ సగటు ఎత్తు ఇస్తుంది. ఆ లెక్కలో సూదిలాంటి శిఖరం నునుపైన గుట్టగా మారిపోతుంది. అందుకే మేం నేల మీది అంకెలు పక్కనపెట్టి, శిఖరం తగిలే పీడన స్థాయిలో, అంటే దాదాపు ఆ ఎత్తులోని గాలి పొరలో, గాలి ఎలా ఉందో చూస్తాం. కొండ కొమ్మును దాటేటప్పుడు గాలి నొక్కుకుని వేగం పుంజుకుంటుంది గనుక దానికి మరికొంత కలుపుతాం. ఎంత కలపాలో మాత్రం ఆ కొండతో పాత పరిచయమే చెప్పాలి.

అపోహ: సున్నాకి దిగువన మబ్బంతా మంచు పలుకులే.

మైనస్ 10 దగ్గర కూడా మబ్బులో నీటి బిందువులు గడ్డకట్టకుండా ఉండగలవు. దేన్నైనా తాకగానే గడ్డకడతాయి. అదే రైమ్. కంచె, స్తంభం, తాడు, అన్నిటి మీదా తెల్లటి ఈకల్లా పేరుకుంటుంది. గాలి వెళ్లే వైపు కాదు, వచ్చే వైపు పెరుగుతుంది. అంటే గాలి ఎటునుంచి వీచిందో పరికరం లేకుండానే తెలిసిపోతుంది. ఆ పరికరాన్నే అది మింగేస్తుంది కూడా. శిఖరం మీది వాతావరణ కేంద్రంలో పనిచేసిన రోజుల్లో, బయట గాలి హోరెత్తుతుంటే తెర మీద వేగం సున్నా కనిపించేది. వెంటనే సుత్తి పట్టుకుని పైకి వెళ్లేవాళ్లం, గాలి వేగం కొలిచే అనిమోమీటర్ కప్పుల మీద గడ్డకట్టిన మంచు కొట్టడానికి.