డైటీషియన్ చదువు: 3,600 గంటల పేచీ

డైటీషియన్ కోర్సులు ఇక దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ 2025 ఆగస్టులో చెప్పింది. ఆ జూలై-ఆగస్టు సెషన్ నుంచే కొత్త అడ్మిషన్లు ఆపేయమంది. అడ్మిషన్ల వేళ అదే ప్రశ్న మళ్లీ లేస్తోంది: నిన్నటిదాకా చెల్లిన చదువు ఇవాళ ఎందుకు చెల్లదు?

జవాబు 2021 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు, అంటే డాక్టర్లు, నర్సులు కాక వైద్యంలో తోడ్పడే ఇతర వృత్తులకు, జాతీయ కమిషన్‌ను తెచ్చిన ఆ చట్టం షెడ్యూల్‌లో డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ పేర్లు చేరాయి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీ 3,600 గంటలకు తగ్గకూడదని, మూడు నుంచి ఆరేళ్లలో సాగాలని అందులో రాశారు. నా దృష్టిలో అసలు మలుపు అదే. అప్పటిదాకా పట్టా ఉందా అని అడిగేవారు. ఆ తర్వాత ఎన్ని గంటలు నేర్చుకున్నారన్నది లెక్కలోకొచ్చింది.

అంతకుముందు డైటీషియన్ అనే పేరుకు కాపలా లేదు. 1963లో ఏర్పడిన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష పెడుతోంది. పీజీ, ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, ఆపై ఆ పరీక్ష. పట్టుదల ఉన్నవాళ్లు ఆ దారిలోనే వచ్చారు. కానీ అది రాయకుండా, కొన్ని వారాల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకున్నా ఆపే చట్టం లేదు.

ఆస్పత్రుల్లో పనిచేసేవారి వాదన ఇక్కడే బలంగా ఉంటుంది. డయాలసిస్ పేషెంటుకు బలమని ఇంట్లోవాళ్లు కొబ్బరినీళ్లు పట్టిస్తారు. అందులోని పొటాషియం పాడైన కిడ్నీ దాటి బయటకు పోలేక గుండె లయనే దెబ్బతీయొచ్చు. పొటాషియం ఎక్కువున్నవారికి కూరగాయ ముక్కలు ఉడికించి నీళ్లు పారబోయమని చెప్పాలి. అయితే ముందు రక్తపరీక్ష రిపోర్టు చదవాలి, ఆ ఇంట్లో ఏం వండుతారో అడగాలి. చాలా రోజులు తిండి లేక చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం పెట్టినా ప్రమాదమే. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. కానీ మంచం పక్కన నిలబడి, పైనుంచి ఒకరు దిద్దుతుంటేనే చేతికొస్తాయని వాళ్లంటారు. కాదనడం కష్టం.

దూరవిద్య విద్యార్థుల బాధా నిజమే. ఇగ్నో ఎంఎస్సీ లాంటి కోర్సుల్లో ప్రాక్టికల్స్ ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదవాలనుకునే ఆడవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఇంత గట్టిగా గంటలు లెక్కపెట్టిన ప్రభుత్వాలు తమ పని మాత్రం సాగదీశాయి. చట్టం అమల్లోకొచ్చిన ఆరు నెలల్లో ఈ వృత్తులవారిని నమోదు చేసే కౌన్సిళ్లు రాష్ట్రాలు వేయాలి. మూడేళ్లయినా చాలాచోట్ల వేయలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం పది వృత్తులకు ఉమ్మడి సిలబస్ విడుదల చేసింది, న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ అందులో ఒకటి. నాలుగు నెలలకే యూజీసీ నిర్ణయం వచ్చింది. పనిచేస్తూ చదివేవారికి దగ్గర్లోని ఆస్పత్రిలో ఆ గంటలు పూర్తిచేసే ఏర్పాటు మాత్రం ఆ ప్రకటనలో లేదు.