చిన్న షెడ్డులో క్వాలిటీ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలలో మెషిన్ల మీద పార్టులు చేసే చిన్న షెడ్లలో క్వాలిటీ పని చూస్తుంటాను. ఓనర్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: బెంచ్‌మార్కింగ్ పెద్ద కంపెనీల వ్యవహారం.

వాస్తవం: బెంచ్‌మార్కింగ్ అంటే ఒక పనిని బాగా చేసేవాళ్లతో మన పనిని పోల్చి చూసుకుని నేర్చుకోవడం. పది మంది పనిచేసే షెడ్డుకే దాని అవసరం ఎక్కువ. ఫొటోకాపీ మెషిన్లు చేసే జిరాక్స్, గోడౌన్ పని మెరుగుపరుచుకోవడానికి బూట్లు, బట్టలు అమ్మే ఎల్.ఎల్. బీన్‌ను చూసి నేర్చుకుంది. వ్యాపారం వేరైనా సరుకు తీసి ప్యాక్ చేసే పని ఒకటే కదా! మీ పోటీదారు మీకేమీ చెప్పడు. మీరు వాల్వులు చేస్తుంటే పంపుల పార్టులు చేసేవాళ్లను అడగండి: ఒక జాబ్ (మెషిన్ మీద చేసే పార్టు) నుంచి ఇంకో జాబ్‌కు సెట్టింగ్ మార్చడానికి ఎంతసేపు పడుతోంది?

అయితే ముందు మీ లెక్క మీ దగ్గరుండాలి. చాలా షెడ్లలో రిజెక్షన్ (పనికిరాక పక్కన పెట్టిన సరుకు) ఎంతో రాసి ఉండదు. రీవర్క్ సంగతి సరేసరి. ఆపరేటర్ జాబ్‌ను మళ్లీ మెషిన్‌కెక్కించి సరిచేసి పంపేస్తాడు. ఆ గంటల జీతం, కరెంటు, ఈలోగా ఆగిపోయిన ఇంకో ఆర్డరు ఎవరి లెక్కలోకీ రావు. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ పార్టు, ఎన్ని చేశాం, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి. నెల తిరిగేసరికి ఎక్కువ నష్టం ఏ ఒకటి రెండు కారణాల వల్లో బయటపడుతుంది.

అపోహ: సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) కొంటే క్వాలిటీ దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఆఫ్‌సెట్ (మెషిన్‌కిచ్చే టూల్ కొలత సవరణ) తప్పు ఇస్తే సీఎన్‌సీ ఆ తప్పునే ప్రతి జాబ్‌లోనూ చేస్తుంది. సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్‌కు క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపుతోందో లేదో పరీక్ష) లేకపోతే ఆ సంగతి కూడా తెలియదు. పాత డ్రాయింగ్ చూసి చేసిన పార్టును ఏ మెషినూ కాపాడలేదు. లోనుకు వెళ్లేముందు ఆ నోటుపుస్తకం చూడండి.

అపోహ: ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్ ఉంటే సరుకు మంచిదని ఐఎస్‌ఓ హామీ ఇచ్చినట్టే.

వాస్తవం: ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణాలు రాస్తుందంతే, సర్టిఫికెట్లు ఇచ్చేది వేరే సంస్థలు. 9001 చూసేది మీ పని పద్ధతిని. ఖర్చే అడ్డమైతే కేంద్రం 2022లో మళ్లీ తెచ్చిన జెడ్ (ZED - సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా తయారీ) సర్టిఫికేషన్ చూడండి. అందులో సూక్ష్మ సంస్థలకు ఫీజులో 80 శాతం, చిన్న సంస్థలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు.

అపోహ: పనివాళ్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి?

వాస్తవం: ఈ మాట నన్ను బాధపెడుతుంది. దేశంలో తొలి క్వాలిటీ సర్కిల్ 1980లో మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే మొదలైంది. కార్మికులే కూర్చుని తమ పనిలోని సమస్యలు తేల్చుకోవడమే ఆ పద్ధతి. ఇన్‌సర్ట్ (లోహాన్ని కోసే టూల్ మొన) అరిగిందని శబ్దాన్ని బట్టి పసిగట్టే ఆపరేటర్‌ను అడగకుండా కారణం ఎలా దొరుకుతుంది? రిజెక్ట్ అయిన జాబ్‌కు జీతం కోసే చోట మాత్రం నోటుపుస్తకంలో ఎవరూ నిజం రాయరు. ముందు ఆ కోత ఆపండి.