మీ పిల్లాడి తెలివి ఉమ్మి పరీక్షలో తేలదు

వంశపారంపర్య జబ్బుల సంగతి మాట్లాడేందుకు మేం పెట్టుకున్న జెనెటిక్ కౌన్సెలింగ్‌కి ఈమధ్య మార్కుల సంగతి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. చేతిలో పిల్లాడి ఉమ్మితో చేయించిన రంగురంగుల డీఎన్‌ఏ రిపోర్టు. వాళ్లడిగేది ఒకటే: ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటారా, వద్దా?

అపోహ: తెలివికి ఒక జీన్ ఉంటుంది, టెస్టు చేస్తే దొరికిపోతుంది.

వాస్తవం: దొరకదు. 1998లో జన్యువులకీ తెలివికీ ఉన్న సంబంధం మీద పనిచేసే శాస్త్రవేత్త రాబర్ట్ ప్లోమిన్ బృందం ఐజీఎఫ్2ఆర్ అనే జీన్‌కీ ఐక్యూకీ సంబంధం ఉందని చెప్పింది. 2002లో ఆ బృందమే ఇంకొంతమంది పిల్లల్లో వెతికితే ఆ సంబంధం కనబడలేదు. 2013లో లక్షా పాతిక వేల మందికి పైగా చూస్తే, ఎన్నేళ్లు చదువుకున్నారన్న దానితో ముడిపడినవి డీఎన్‌ఏలో మూడంటే మూడు తేడాలు తేలాయి. ఒక్కోదాని విలువ దాదాపు ఒక నెల చదువు! 2018లో సుమారు 2.7 లక్షల మంది మీద చేసిన అధ్యయనంలో డీఎన్‌ఏలో తెలివితో సంబంధమున్న 205 చోట్లు బయటపడ్డాయి. వేల తేడాలను కలిపి స్కోరు కట్టినా, మనుషుల మధ్య తెలివిలో ఉన్న తేడాలో అది చెప్పగలిగింది 5 శాతం చిల్లర. అదీ యూరప్ మూలాలున్నవాళ్లలో. మనవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ స్కోరు ఇంకా తప్పుతుంది.

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ ఏడో క్లాసు కొడుకుని తీసుకొచ్చారు. రిపోర్టులో ఎర్ర గీత, పక్కన 'నేర్చుకునే శక్తి: తక్కువ'. కింద చిన్న అక్షరాల్లో, వాళ్లు చూసిన నాలుగే మార్కర్లు (డీఎన్‌ఏ గుర్తులు): సీఓఎంటీ, బీడీఎన్‌ఎఫ్ అనే జీన్లలోవి, ఇంకో రెండు. "వీడికి లెక్కలు రావంట మేడమ్, వాళ్ల నాన్న ట్యూషన్ మాన్పించేశారు" అన్నారు, పిల్లాడు వింటుండగానే. వాడేమో గోడ మీద పోస్టర్‌ని కళ్లు చికిలించి చదువుకుంటున్నాడు. ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి పంపాను. రెండు కళ్లకీ అద్దాలు పడ్డాయి. ఆ తల్లి మీద నాకు కోపం లేదు, టెన్షన్‌లో ఉన్న మనిషి ఏదైనా నమ్ముతుంది. అమ్మినవాళ్ల మీదే కోపం.

అపోహ: వారసత్వం 50 శాతం అంటే సగం తెలివి అమ్మానాన్నలదే.

వాస్తవం: అది ఒక గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడా గురించిన లెక్క. మీవాడి గురించి కాదు.

అపోహ: వేలిముద్రలు చూసి చెప్పొచ్చు.

వాస్తవం: చెప్పలేరు. పదండి ముందుకు.

అపోహ: అయితే జీన్ టెస్టులన్నీ దండగే.

వాస్తవం: కానే కాదు. తెలివిని పెంచే ఒక్క జీన్ లేదు గానీ, ఒక్కటి చెడితే దెబ్బతీసేవి చాలా ఉన్నాయి. ఒక్క జీన్ చెడి బుద్ధిమాంద్యం తెచ్చే ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బు అలాంటిదే. నడక, మాట బాగా ఆలస్యమైనా, మేనరికం చేసుకున్న ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకి బుద్ధిమాంద్యం ఉన్నా, ఇంకో కాన్పు అనుకోకముందే హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికో, మాలాంటి వాళ్ల దగ్గరికో రండి. పాత రిపోర్టులన్నీ తెండి, ఆ రంగుల రిపోర్టు తప్ప.