ప్యాకెట్ పోయింది గాలిలో, వేగం తగ్గింది సర్వర్లో

మాదాపూర్ ఆఫీసు సెల్లార్‌లో ఫోన్ 4జీ నెట్‌తో స్పీడ్ టెస్ట్ బాగానే వస్తుంది, పెద్ద ఫైలు దింపబోతే మాత్రం ఆగి ఆగి వస్తుంది, ఎందుకని ఒక పాఠకుడి ప్రశ్న. టెస్ట్ యాప్‌లు చాలావరకు ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరుస్తాయి, ఫైలుకు తరచు ఒక్కటే. ఇది సగం జవాబు. అసలు మజా మిగతా సగంలో ఉంది.

డేటాను ప్యాకెట్లనే ముక్కలుగా పంపి, అందాయో లేదో చూసుకునే పద్ధతి టీసీపీ. అది తీగల కాలంలో పుట్టింది. ప్యాకెట్ పోతే దారిలో రద్దీ ఉందనుకుని జోరు తగ్గించేస్తుంది: దాని పాత రకం రీనో సగానికి దించుతుంది, ఇప్పటి రకం క్యూబిక్ 30 శాతం కోస్తుంది. సిగ్నల్ చెదిరి ప్యాకెట్ పోయినా దానికి తేడా తెలియదు. రీనో లెక్కలో వేగం, పోయే ప్యాకెట్ల వాటా వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 1460 బైట్ల ప్యాకెట్లు, రానుపోను 50 మిల్లీసెకన్లు అనుకోండి. నూటికి ఒకటి పోతే సుమారు 2.8 ఎంబీపీఎస్ దాటదు; పదివేలకు ఒకటైతే 28.

అందుకే 4జీలో పోయినదాన్ని టవర్, ఫోనే సర్దుకుంటాయి, సర్వర్ దాకా పోనివ్వవు. మొదటి అంచె హార్క్ (HARQ), అంటే చెడిన ముక్కను వెంటనే మళ్ళీ పంపించుకునే పద్ధతి. తొలిసారి పంపినవాటిలో 10 శాతం చెడేలా కావాలనే పెడతారు; అతి జాగ్రత్తగా పంపితే స్పెక్ట్రమ్ వృథా. చెడిన ముక్కను పారేయకుండా, సుమారు 8 మిల్లీసెకన్లకు వచ్చే రెండోదానితో కలిపి చదువుతారు. దీని బలహీనత ఒక్క బిట్: ఫోన్ 'అందలేదు' అంటే టవర్ 'అందింది' అని పొరబడితే, ఆ ముక్క గల్లంతే. దాన్ని పట్టేది పై అంచె ఆర్‌ఎల్‌సీ (RLC)లోని అక్నాలెడ్జ్డ్ మోడ్: ఏవి అందాయో కబురు తెప్పించుకుని, అందనివి మళ్ళీ పంపుతుంది. వోల్టీ (4జీ మీద నడిచే ఫోన్ కాల్) మాటలకు ఈ మోడ్ వాడరు. ఆలస్యంగా వచ్చిన మాట కంటే పోయిన మాటే నయం.

ఇక సెట్టింగులు. ఆర్‌ఎల్‌సీ ఒక ముక్కను మళ్ళీ పంపే పరిమితి 1 నుంచి 32 సార్ల దాకా ఉంటుంది. మరీ తక్కువ పెడితే సిగ్నల్ కాస్త మసకబారగానే 'లింక్ తెగింది' అని ఫోన్ మళ్ళీ కనెక్షన్ కుదుర్చుకోవాలి. మరీ ఎక్కువైతే చచ్చిన లింక్‌నే పట్టుకు వేలాడుతుంది. పైగా 4జీ ఆర్‌ఎల్‌సీ వరుస తప్పనివ్వదు: ఒక్క ముక్క రాకపోతే వెనక వచ్చినవన్నీ ఆగాల్సిందే. ఆ ఆగుడు, జవాబు కోసం టీసీపీ కాచుకునే టైమర్‌ను (లినక్స్‌లో కనీసం 200 మిల్లీసెకన్లు) దాటిందా, ఏదీ పోకపోయినా జోరు ఒక్క ప్యాకెట్ నుంచి మళ్ళీ మొదలు.

ఇవన్నీ ఆపరేటర్ చేతిలోవి. ఏరోప్లేన్ మోడ్ వేసి తీయడం దిష్టి తీయడం లాంటిది. ఒక్కోసారి ఐపీ అడ్రసు మారి ఉన్న డౌన్‌లోడ్ కూడా తెగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే, డౌన్‌లోడ్ ప్రోగ్రాం డబ్ల్యూగెట్ (wget)లో 'మైనస్ సి' (-c) ఇస్తే ఆగిన బైటు నుంచే అందుకుంటుంది.